కరోడ్గిరి నాకా నుంచి రైల్వే క్వార్టర్స్ దాకా

మా నాన్నమ్మ తన అక్కను చూడటానికి వెళ్ళాలంటే ముందు డబ్బులు మార్చుకోవాలి. ఆవిడది జగ్గయ్యపేట. అక్కను ఇచ్చింది మధిర పక్కన ఒక పల్లెకు. తెల్లారుజామున బండి కడితే చీకటిపడే వేళకు చేరే దూరమే. కాకపోతే అప్పట్లో జగ్గయ్యపేట కృష్ణా జిల్లా, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ. మధిర నైజాం ఇలాకా. ఇక్కడ చెల్లేది కల్దారు రూపాయి, అక్కడ చెల్లేది హాలీ సిక్కా. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయల చొప్పున షావుకారు దగ్గర మార్చుకుని, కొంగున ముడేసుకుని బయల్దేరేవారట.

హద్దు దాటగానే కరోడ్గిరి నాకా. కరోడ్గిరి అంటే నైజాం వారి సుంకాల శాఖ. బండి ఆపి, మూటలు విప్పించి చూసేవారు. అక్కకు పెట్టే చీర కొత్తగా కనిపిస్తే సుంకం కట్టాలి. అందుకని మా ముత్తవ్వ ఆ చీరను ముందు రోజు తానే ఒక పూట కట్టుకుని, మడతపెట్టి ఇచ్చేదట. "అక్కకు నేను కొత్త చీర పెట్టిందే లేదురా, అన్నీ అమ్మ కట్టి విడిచినవే" అని నాన్నమ్మ చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఉన్న బాధ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తోడబుట్టిన దానికి మడత విప్పని చీర పెట్టుకోలేకపోవడం ఆవిడకు జీవితాంతం ఉండిపోయిన లోటు.

నాకా మనుషుల్ని ఎంత ఇబ్బంది పెట్టినా, పెళ్ళిళ్ళను మాత్రం ఆపలేకపోయింది. కృష్ణా, నల్గొండ, ఖమ్మం హద్దు పల్లెలన్నీ వియ్యాలందుకున్నవే. అసలు ఆ హద్దు గీతే చిక్కుముడిగా ఉండేది. మునగాల పరగణా చుట్టూ నైజాం భూమి ఉన్నా, ఆ పరగణా మాత్రం కృష్ణా జిల్లా కిందే ఉండేది. 1959లో గానీ దాన్ని నల్గొండ జిల్లాలో కలపలేదు.

రజాకార్ల రోజుల్లో ఆ అక్క కుటుంబం మొత్తం జగ్గయ్యపేట వచ్చి నాన్నమ్మ వాళ్ళ ఇంట్లో తలదాచుకుంది. అప్పట్లో ఇటువైపు పల్లెల్లో అలా వచ్చినవాళ్ళు లేని వీధి లేదంటారు. 1948 సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలై 17న నైజాం లొంగిపోయేదాకా వాళ్ళు ఇక్కడే ఉన్నారు. వంటిల్లు ఒకటే. కానీ పొయ్యిలు రెండు. ఒక పొయ్యి మీద మా వాళ్ళ అన్నం, కందిపప్పు, గోంగూర. రెండో పొయ్యి మీద ఆవిడ జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. పిల్లలు ఏ పొయ్యి దగ్గర వాసన బాగుంటే ఆ పొయ్యి దగ్గర కూర్చునేవారు. నాన్నమ్మ చచ్చిపోయేదాకా మా ఇంట్లో ఎండాకాలం వచ్చిందంటే పచ్చిపులుసు ఉండేది. అలాగని ఆవిడ దాన్ని మన వంట అని ఎప్పుడూ అనలేదు. "మా అక్క పులుసు" అనేది. ఆ ఎంచి చెప్పడం నాకు చాలా ఇష్టం.

తర్వాత నాకా పోయింది. హాలీ సిక్కా పోయింది. 1956 నవంబరు 1న అటూ ఇటూ ఒకే రాష్ట్రమైంది. నాన్నమ్మ ఇక ఏ మూటా విప్పి చూపించకుండా అక్క ఊరికి వెళ్ళి వచ్చేది. మరి ఆ రెండు ఇళ్ళూ ఒక్కలాగా అయిపోయాయా? నేను చిన్నప్పుడు రెండు చోట్లా తిరిగినవాణ్ణి కాబట్టి గట్టిగా చెప్పగలను, కాలేదు. మధిర ఇంట్లో దసరాకు బతుకమ్మ పేర్చేవారు, జగ్గయ్యపేట ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవారు. సుంకాల వాళ్ళు కాపలా కాసినన్నాళ్ళూ ఉన్న తేడాలు, కాపలా పోయాక కూడా అలాగే ఉన్నాయి. నాకా వాటిని కాపాడలేదు, నాకా పోవడం వాటిని చెరిపేయలేదు. ఈ మాట నేను ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, గేట్లు ఎత్తేస్తే ఎవరి ప్రాంతం వాళ్ళకు మిగలదన్న భయం ఇప్పుడు ప్రపంచమంతా వినిపిస్తోంది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ నేను పెరిగిన చోటు నాకు వేరే సంగతి నేర్పింది.

నేను పెరిగింది విజయవాడ సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో. నాన్న గార్డు. బెజవాడ స్టేషన్ సంగతి తెలియనిదేముంది, ఇటు మద్రాసు, అటు హౌరా, పైకి కాజీపేట, ఇంకోవైపు గుంటూరు, గుడివాడ. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడే వరకు మా డివిజన్ దక్షిణ రైల్వే కింద, మద్రాసు అజమాయిషీలో ఉండేది. అందుకని మా వరసలో అరవ వాళ్ళు ఎక్కువ. కొత్త జోన్ వచ్చాక సికింద్రాబాదు, కాజీపేటల నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళు తోడయ్యారు. ఖుర్దా రోడ్డు నుంచి వచ్చిన ఒరియా కుటుంబం ఒకటి, చివరి క్వార్టర్‌లో ఆంగ్లో ఇండియన్ డ్రైవరు గారు. క్రిస్మస్ ముందు రోజు ఆయన భార్య కేకు ముక్కలు కోసి, స్టీలు పళ్ళెంలో పెట్టి, పైన క్రోషా అల్లిన గుడ్డ కప్పి ఇంటింటికీ పంపేవారు. మా అమ్మ ఆ పళ్ళేన్ని ఖాళీగా తిప్పి పంపకూడదని అరిసెలు పెట్టి పంపేది.

మా గోడ పక్క క్వార్టర్‌లోకి కాజీపేట నుంచి ఒక ఫైర్‌మన్ గారి కుటుంబం దిగింది. ఆయన భార్యను మేం అత్తయ్య అనేవాళ్ళం. అమ్మా, ఆవిడా ఒకరినొకరు వదినా అనుకునేవారు. ఆవిడ నోట అది వదినె.

సంక్రాంతికి ఆవిడ సకినాలు చేసేది. మా ఇళ్ళలో ఆ రోజుల్లో ఎవరికీ తెలియని వంటకం. కొత్త బియ్యం నానబెట్టి, తడిపిండి కొట్టించి, అందులో నువ్వులు, వాము, ఉప్పు కలిపేది. నేల మీద పాత ధోవతి పరిచేది. పిండిని గుప్పిట్లోకి తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి సన్నగా జారుస్తూ, మెలిపెడుతూ, చుట్టు మీద చుట్టు తిప్పేది. ఆ మెలి ఎక్కడా తెగకూడదు, చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు ఉండకూడదు. గుడ్డ తడి పీల్చుకున్నాక అట్లకాడతో ఒక్కొక్కటీ లేపి నూనెలో వేసేది. మా అక్క నేర్చుకోవడానికి కూర్చుంటే పిండి తెగిపోయేది. "గట్ల గుంజకు బిడ్డా, దానంతట అది రావాలె, నువ్వు వేలు తిప్పుతనే ఉండు" అని అక్క చెయ్యి పట్టుకుని తిప్పించేది. జంతికల గొట్టంలో వేస్తే తొందరగా అయిపోతుంది కదా అని ఎవరో పక్కింటావిడ సలహా ఇచ్చింది. అత్తయ్య ఒప్పుకోలేదు. గొట్టంలో వేస్తే అవి జంతికలవుతాయి గానీ సకినాలు కావని తేల్చి చెప్పింది. చాలా ఏళ్ళ తర్వాత గానీ ఆ మొండితనం విలువ నాకు తెలియలేదు.

తెలంగాణలో సర్కారు కొలువులు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత ఆంధ్రను విడి రాష్ట్రం చేయాలంటూ జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. విజయవాడ దానికి గుండెకాయ. ఎన్జీవోల, అంటే ప్రభుత్వ ఉద్యోగుల సమ్మె, బడులు బందు, కర్ఫ్యూ, కాల్పులు. ముఖ్యమంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావు గారు దిగిపోయారు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన పెట్టారు. నేను అప్పుడు మూడో తరగతి. బడి లేదన్న సంబరం తప్ప నాకు పెద్దగా ఏమీ అర్థం కాలేదు. పక్కింటి అత్తయ్య విషయంలో ఒక్కటి మాత్రం గమనించాను. ఆవిడ కూరగాయల బండి దగ్గరకు రావడం మానేసింది. వస్తే మాట్లాడేది కాదు. వంకాయల మీద చెయ్యి పెట్టి చూపించి, వేళ్ళతో సైగ చేసి, డబ్బులిచ్చి వెళ్ళిపోయేది. అంతకుముందు బండి వాడితో బేరమాడితే వీధంతా వినిపించే గొంతు ఆవిడది.

మా క్వార్టర్స్‌లో ఎవరూ ఆవిడను పల్లెత్తు మాట అనలేదు. అయినా బయట గోడల మీద రాతలు, ఊరేగింపుల్లో అరుపులు ఆవిడ చెవిన పడకుండా ఉంటాయా? మామయ్య డ్యూటీ మీద పోతే రాత్రిళ్ళు ఇద్దరు పిల్లల్నీ తీసుకుని మా ఇంట్లో పడుకునేది. మా అమ్మ మధ్యగదిలో బొంత పరిచేది. ఆ పిల్లలు కూడా మాతో ఆడుకునేటప్పుడు మా లాగా మాట్లాడటానికి ప్రయత్నించేవారు. పెద్దవాడు "నేను ఎలా మాట్లాడుతున్నాను, మీలాగే ఉందా?" అని నన్ను అడిగేవాడు. ఉందిరా అంటే వాడి ముఖం వెలిగిపోయేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ వెలుగే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. దారి మూయలేదు, రైలు ఆపలేదు, ఎవరూ ఏ కాగితం అడగలేదు. అయినా ఒక ఆడమనిషి తన గొంతును ఇంట్లో దాచి బజారుకు వస్తోంది. ఒక పిల్లవాడు తన మాటను విడిచిపెట్టి సంతోషపడుతున్నాడు. మనుషులు తమ తీరును పోగొట్టుకునేది ఇలాగని నా నమ్మకం. దారులు తెరిచినందువల్ల కాదు, నలుగురిలో తలదించుకోవాల్సి వచ్చినందువల్ల.

1973 సెప్టెంబరులో రెండు ప్రాంతాల తగవు తీర్చడానికి ఆరు సూత్రాల పథకం వచ్చింది. గొడవలు సద్దుమణిగాయి. వెంటనే దసరా. అత్తయ్య ఆ ఏడు బతుకమ్మను ఇంట్లోనే, తలుపు దగ్గరకు వేసుకుని పేర్చుకుంటానంది. మా అమ్మ వినలేదు. "పోయినేడు బయట పెట్టావు, ఈ ఏడు లోపల పెడితే మేమేం మొహం పెట్టుకోవాలి వదినా" అంది. అమ్మ చదివింది ఐదో తరగతి. సభల్లో మాట్లాడిన మనిషి కాదు. కానీ ఆ మాటకన్నా సరైన మాట ఆ ఏడాది విజయవాడలో ఎవరైనా అన్నారని నేను అనుకోను.

తంగేడు పూలు మాకు కొండల వెంట దొరికేవి. గునుగు దొరికేది కాదు. నాన్న డోర్నకల్ దాకా డ్యూటీ చేసి వస్తూ, అక్కడ తెలిసినవాళ్ళు చేలగట్ల మీద కోసి ఇచ్చిన గునుగును గోనెసంచిలో వేసి, బ్రేక్‌వ్యానులో పెట్టుకుని తెచ్చాడు. ఇత్తడి తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు ఒక వరస, రంగుల్లో ముంచిన గునుగు ఒక వరస, బంతి ఒక వరస పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టింది అత్తయ్య. క్వార్టర్స్ మధ్య ఖాళీ జాగాలో ఆడారు. ఉయ్యాలో అంటూ ఆవిడ ఎత్తుకుంటే, చుట్టూ తిరుగుతూ మా అమ్మ, ఒరియా ఆవిడ, అరవ మామి చప్పట్లు అందుకున్నారు. అరవ మామికి వాళ్ళ ఊళ్ళో కుమ్మి వచ్చు. అది కూడా గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు కొట్టే ఆటే. ఆవిడ తన అడుగు వెయ్యలేదు. అత్తయ్య పాదాల వంక చూస్తూ ఆ అడుగే వేసింది. పొంగలప్పుడు తన కుమ్మి ఆడినప్పుడు అత్తయ్య కూడా అలాగే చేసింది. ఎవరి పండగకు వాళ్ళు పెద్ద, మిగతా అందరూ వెనక. ఆ మర్యాద ఎవరు పెట్టారో తెలియదు గానీ మా క్వార్టర్స్‌లో అందరూ పాటించేవారు. చీకటిపడ్డాక అందరం ఏలూరు కాలువ దాకా వెళ్ళి బతుకమ్మను నీళ్ళలో వదిలి, మలీద ముద్దలు తిని వచ్చాం.

ఇది రాస్తూ మా ప్రాంతం వాళ్ళకు ఒక మాట చెప్పకుండా ఉండలేను. హద్దులు వద్దు, అందరం ఒకటే అనడం మనకు తేలిక. పాఠ్యపుస్తకాల్లో ఉన్నది మన భాష, రేడియోలో మన భాష, సినిమాలో హీరో మాట్లాడేది మన భాష. విలన్‌కూ, నవ్వించే పాత్రకూ మాత్రం తెలంగాణ మాట పెట్టేవారు. అటువైపు పిల్లలు హాల్లో కూర్చుని తమ అమ్మ మాటకు జనం పగలబడి నవ్వుతుంటే చూశారు, దశాబ్దాల పాటు. ముల్కీ నిబంధనలు 1919లో నైజాం ఫర్మానాతో వచ్చినవి, బయటి నుంచి వచ్చినవాళ్ళు 15 ఏళ్ళు ఉంటేనే సర్కారు కొలువు అన్నవి. వాటిని వదులుకోవడానికి వాళ్ళు ఎందుకు భయపడ్డారో నాకు అర్థమవుతుంది. 1955లో రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ కూడా హైదరాబాద్ రాష్ట్రాన్ని కొన్నాళ్ళు విడిగానే ఉంచమంది. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నేతల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో ఇచ్చిన హామీలు నిలబడి ఉంటే, అటువైపు ఆ అపనమ్మకం అంత ముదిరేది కాదు. తలుపు తీసి ఉంచాలంటే బలమున్నవాడు ముందు తన నోరు అదుపులో పెట్టుకోవాలి. చిన్న ప్రాంతం వాళ్ళు మాకు కొంచెం రక్షణ కావాలి అన్నప్పుడు దాన్ని సంకుచితం అని కొట్టిపారేయడం అన్యాయం.

మన రాజ్యాంగం ఈ రెండు అవసరాలనూ ఒకే చోట పెట్టింది. దేశంలో ఎక్కడికైనా వెళ్ళవచ్చు, ఎక్కడైనా ఉండవచ్చు అనేది 19వ అధికరణం. తమ భాషను, లిపిని, సంస్కృతిని నిలుపుకునే హక్కు ఉంటుందనేది 29వ అధికరణం. రెండూ ప్రాథమిక హక్కులే. ఒకటి కావాలంటే రెండోది వదులుకోమని ఎక్కడా రాయలేదు.

గుంటూరు వైపు ఇప్పటికీ చూస్తుంటాను. మిరప కోతలు మొదలయ్యాయంటే కర్నూలు జిల్లా పడమటి పల్లెల నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. చేల పక్కనే పట్టాల గుడారాలు వేసుకుంటారు. పిల్లల చదువు పాడవుతుంది, ఘాటుకు చేతులు మండుతాయి, ఇది ముచ్చటగా చెప్పుకునే వలస కాదు. పొద్దున్నే మూడు రాళ్ళ పొయ్యి మీద ఆ ఆడవాళ్ళు జొన్నరొట్టె తట్టే చప్పుడు మా అమ్మమ్మ ఊళ్ళో చేలగట్టు మీద నిలబడితే వినిపిస్తుంది. వాళ్ళలో కొందరు ఇంట్లో కన్నడం మాట్లాడతారు. నెలల తరబడి ఇక్కడే ఉన్నా రొట్టె మానరు, వాళ్ళ పాట మానరు. గుంటూరు యార్డుకు చేరే ఎర్రటి కాయల వెనక ఆ చేతులున్నాయి. మన ఊళ్ళో వాళ్ళ పిల్లలకు ఒక బడి, మంచినీళ్ళు, గౌరవంగా పిలిచే ఒక పిలుపు ఉండాలి కదా. ఆ బాధ్యత తీసుకోకుండా మాకు పనివాళ్ళు కావాలి అనడం సరికాదు.

కొన్నేళ్ళ క్రితం మావాడు జర్మనీలో ఆఖెన్‌లో ఎమ్మెస్ చేసేటప్పుడు నేనూ, మా ఆవిడా చూడ్డానికి వెళ్ళాం. ఒక ఆదివారం సిటీ బస్సు ఎక్కించాడు. కాసేపటికి దిగుదాం అన్నాడు. దిగిన ఊరు వాల్స్, అది నెదర్లాండ్స్. బస్సు ఎక్కడా ఆగలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఊరి కొండ మీద జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్ మూడు దేశాల హద్దులు ఒక్కచోట కలుస్తాయి. ఎత్తు 322 మీటర్లు, ఐరోపా నేల మీద నెదర్లాండ్స్‌కు అదే పెద్ద కొండ అంటే మా ఆవిడ నమ్మలేదు. పిల్లలు ఆ రాయి చుట్టూ దేశాలు మారుతూ పరుగులు పెడుతున్నారు. నాకు ఒక్కసారిగా మా ముత్తవ్వ కట్టి విడిచిన చీర గుర్తొచ్చింది.

హద్దుల దగ్గర తనిఖీలు లేని ఆ ఏర్పాటు 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంజెన్ అనే ఊళ్ళో ఐదు దేశాలు చేసుకున్న ఒప్పందంతో మొదలైంది. 1995 మార్చి 26 నుంచి అమలులోకి వచ్చింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో ఒకరినొకరు చంపుకున్న దేశాలు కూడా వాటిలో ఉన్నాయి! అయినా ఆఖెన్ బేకరీల్లో వాళ్ళ మసాలా బిస్కట్టు ప్రింటెన్ కనిపిస్తుంది. బస్సు దిగి హద్దు దాటితే లింబర్గ్ వాళ్ళు పళ్ళతో చేసే ఫ్లాయ్ కనిపిస్తుంది. ఎవరి షాపుల్లో వాళ్ళవి. ఇంకో రోజు బెల్జియంలోని ఓయిపెన్ వెళ్ళాం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ నుంచి బెల్జియానికి వెళ్ళిన ప్రాంతం అది. ఇప్పటికీ అక్కడ బడుల్లో, ఆఫీసుల్లో, వీధి పేర్లలో జర్మనే. 80,000కు అటూ ఇటూగా జనం, అయినా వాళ్ళకు సొంత పార్లమెంటు ఉంది. ఏం చదవాలో, తమ సంస్కృతికి ఏం చేయాలో వాళ్ళే నిర్ణయించుకుంటారు. ఎల్లలు పోయినా వాళ్ళు నిశ్చింతగా ఉండటానికి కారణం నాకు అక్కడ కనిపించింది. దారి తెరిచారు, దానితోపాటు అధికారం కూడా చేతికిచ్చారు. అక్కడా ఇప్పుడు గాలి మారుతోంది. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన నేల సరిహద్దులన్నిటి దగ్గరా మళ్ళీ తనిఖీలు మొదలుపెట్టిందని చదివినప్పుడు నాకు దిగులేసింది.

మనకూ 2014 జూన్ 2న గీత పడింది. పడాల్సిన గీతే అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. తమ ప్రాంతాన్ని తామే ఏలుకోవాలనుకోవడం వేరు, పక్కవాణ్ణి రానివ్వకపోవడం వేరు. మరుసటి రోజు గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎప్పటిలాగే ఖమ్మం మీదుగా పోయింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి జగ్గయ్యపేట పక్కన హద్దు మీద ఉన్న గరికపాడు దగ్గర అమ్మకం పన్ను చెక్‌పోస్టు కూడా పోయింది, లారీల బారులు తగ్గాయి. కానీ అదే గరికపాడు దగ్గర 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హైదరాబాద్ హాస్టళ్ళు ఖాళీ చేసి ఇంటికొస్తున్న పిల్లలు వేలమంది రోడ్డు మీద చిక్కుకుపోయారు. 2021 మేలో హైదరాబాద్ ఆసుపత్రులకు వెళ్తున్న అంబులెన్సులను కోదాడ వైపు రామాపురం దగ్గర, కర్నూలు వైపు పుల్లూరు దగ్గర ఆపేశారు. తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకుంటే గానీ దారి తెరుచుకోలేదు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఊపిరందని మనిషిని ఏ రాష్ట్రం అని అడగాల్సి వచ్చిన ఆ వారాన్ని మన రెండు వైపుల వాళ్ళం మర్చిపోకూడదు.

మంచి కూడా చూస్తున్నాను. ప్రతి ఆషాఢంలో హైదరాబాద్ పాతబస్తీ బోనాల కమిటీ వాళ్ళు బంగారు బోనం తెచ్చి మన ఇంద్రకీలాద్రి అమ్మవారికి సమర్పిస్తారు. డప్పులు, పోతురాజులు, బోనమెత్తుకున్న ఆడవాళ్ళు కొండ కింది వీధుల్లో నడుస్తుంటే వన్‌టౌన్ అంతా ఇళ్ళ ముందు నిలబడి చూస్తుంది. అదే నెలలో అమ్మవారికి మన శాకంబరి అలంకారం, కూరగాయలతో, ఆకుకూరలతో. రెండూ ఒకే తల్లికి, ఎవరి పద్ధతిలో వాళ్ళు. ఆ పోతురాజును చూసి ఇక్కడ ఎవరూ నవ్వరు. 1972లో పెరిగిన నాకు ఇది ఎంత పెద్ద మార్పో మాటల్లో చెప్పలేను.

నన్ను భయపెట్టేది ఇప్పుడు వేరే ఉంది. ఏ పెళ్ళికి వెళ్ళినా అదే సంగీత్, అదే హల్దీ, అదే డీజే, అదే పనీర్ కూర. శ్రీకాకుళం పెళ్ళో, కడప పెళ్ళో, వరంగల్ పెళ్ళో భోజనాల దగ్గర కూర్చుంటే తెలియడం లేదు. ఇందులో ఏ చెక్‌పోస్టు చేయగలిగిందీ లేదు. కష్టం తక్కువ అని, అందరూ చేస్తున్నారు కదా అని మనమే వదిలేసుకుంటున్నాం.

మా అపార్ట్‌మెంట్‌లో ఖమ్మం, వరంగల్ కుటుంబాలు కొన్ని ఉన్నాయి. పోయిన దసరాకు సెల్లార్‌లో బతుకమ్మ ఆడుకుంటామని అడిగారు. అసోసియేషన్ మీటింగ్‌లో ఒకాయన ఎలాగూ దాండియా పెడుతున్నాం, దాంట్లోనే ఒక అరగంట కలిపేద్దాం, డీజే అతను బతుకమ్మ పాట రీమిక్స్ కూడా వేస్తాడు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. ఆ ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. స్పీకర్లు వద్దు, మేమే పాడుకుంటాం, మీరు రండి, కానీ ఇది ఇది గానే ఉండాలి అన్నారు. గొట్టంలో సకినాలు వేయనన్న మనిషి పక్క గోడకు పెరిగినవాణ్ణి, వాళ్ళ వైపే మాట్లాడాను. దాండియా వేరే రోజుకు మార్చాం. కార్లు బయట పెట్టించి సెల్లార్ కడిగించాం. గునుగు ఖమ్మం నుంచి బస్సు పార్శిల్‌లో తెప్పించుకున్నారు. ఈ ఏడాది నుంచి ఆ ఖర్చు అసోసియేషన్ నిధి నుంచి ఇవ్వాలని నేను పెట్టిన ప్రతిపాదన పోయిన నెల మీటింగ్‌లో పాసైంది.